ఎర్ర గీత కింద పచ్చ గీత

మా డిపార్ట్‌మెంట్‌లో రజిని పేరెత్తితే చాలు, "అబ్బో, ఆవిడ కోపమా!" అంటారు. కాదనను. కోపిష్టిదే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింటర్‌ని తిడుతుంది. తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఆటోవాడు నోటికొచ్చిన రేటు చెబితే వాడి ఏడు తరాలనూ కడిగేస్తుంది. ఎదురు టేబుల్ దగ్గర కూర్చున్న పాపానికి నన్నూ వదలదు. కానీ ఆ మాట అనేవాళ్ళను నేనొకటి అడుగుతాను. మీకు కోపం రాదు, సరే, చాలా మంచివాళ్ళు. రావలసిన చోటైనా ఎప్పుడైనా వచ్చిందా? పనివాళ్ళ పిల్లల్ని చూసే ఉప్పలమ్మ నోటి దగ్గర కూడు లాగేస్తుంటే, అంతమంది డాక్టరేట్లు ఉన్నవాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదే! అందుకే రజిని గురించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రాస్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతోంది.

నా పేరు ప్రమీల. మాది తెనాలి దగ్గర ఊరు. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులు. పెళ్ళయి తార్నాక వచ్చిన దగ్గర్నుంచీ ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఒక ప్రాజెక్టు తర్వాత ఇంకో ప్రాజెక్టులో ఫీల్డ్ పని చేస్తున్నాను. అంటే ప్రశ్నల కాగితాలు పట్టుకుని జనం దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో మాట్లాడి, చెప్పింది రాసుకొచ్చే పని. నేను తెచ్చింది కంప్యూటర్‌లోకి ఎక్కించి లెక్క తేల్చేది రజిని. ఇద్దరమూ కాంట్రాక్టు మనుషులమే. మా గదికి ఏసీ లేదు, కిటికీ తలుపు పడదు, వాన వస్తే ఫైళ్ళు మేమే జరుపుకోవాలి.

రజినిది ఆలేరు దగ్గర పల్లె. తండ్రి మొగిలి బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఆమె చదువంతా సర్కారు హాస్టళ్ళలోనే సాగింది. ఒకసారి పప్పు మరీ నీళ్ళలా ఉందని కంచం తీసుకెళ్ళి వార్డెన్ టేబుల్ మీద పెట్టి, "మీరు తినుండ్రి సార్, మేం చూస్తం" అన్నదట. ఎండలో నిలబెట్టారు. మర్నాడు మళ్ళీ కంచం తీసుకెళ్ళిందట. ఎంసీఏ మా క్యాంపస్‌లోనే చేసింది. తర్వాత తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి చేరింది. ఎక్కడో చదివి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు తమ బోర్డు మీద వేసుకుంటున్నారని ఓనర్‌తో పోట్లాడి, తెచ్చుకున్న అన్నం డబ్బా కూడా విప్పకుండా బయటికి వచ్చేసింది. ఇష్టపడి చేసుకున్న మొగుడు ప్రేమ్ కుమార్ ముషీరాబాద్‌లో ఒక ప్రెస్‌లో పెళ్ళికార్డులు తయారుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. "ఇంట్ల ఒక్కరు మాట్లాడితే సాలదా అక్కా" అంటుంది రజిని. కాపురం మౌలాలి గుట్ట కింద రెండు గదుల్లో. వాళ్ళకొక కూతురు, హరిచందన. ఇంకా మాటలు పూర్తిగా రాని వయసు.

ఇక ఉప్పలమ్మ సంగతి. లేడీస్ హాస్టల్ వెనక ఒక పాత సైకిల్ షెడ్డు ఉంది. క్యాంపస్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళూ, మెస్‌లో గిన్నెలు తోమే ఆడవాళ్ళూ పొద్దున్నే పిల్లల్ని తెచ్చి ఆ షెడ్డులో వదులుతారు. వాళ్ళను చూసేది ఉప్పలమ్మ. ఆమె కూడా లెక్క ప్రకారం ఊడ్చే మనిషే, కానీ మోకాళ్ళు పోయాయి. అందుకని ఆమె వంతు రోడ్డును మిగిలిన ఆడవాళ్ళు వంతులేసుకుని ఊడుస్తారు. బదులుగా ఆమె వాళ్ళ పిల్లల్ని చూస్తుంది. ఈ ఏర్పాటు ఏ ఆఫీసరూ చేసింది కాదు, వాళ్ళలో వాళ్ళు చేసుకున్నది. వంతులన్నాక లొల్లి లేకుండా ఉంటుందా? రోజూ ఉంటుంది. "నిన్న నేనే ఊడ్చిన, ఇయ్యాల గూడ నేనేనా?" అని ఒకామె అంటే, "ఊడ్వకుంటే నీ పోరణ్ణి నీ నెత్తిమీద వెట్టుకొని పో" అని ఉప్పలమ్మ ఎగురుతుంది. ఆ అరుపులు హాస్టల్ మేడ మీదికి వినిపిస్తాయి. అరిచి, ఆ పోరణ్ణే చంకనేసుకుని ముక్కు తుడుస్తుంది.

రజిని కూతురూ అక్కడే ఉండేది. రోజూ పొద్దున షెడ్డు గుమ్మంలో వాళ్ళిద్దరికీ ఒక రౌండు అయి తీరాలి.

"చాయ్ తాగియ్యకని ఎన్నిసార్లు చెప్పాలె పెద్దమ్మా? దాని పండ్లు పాడైతయ్!"

"పొద్దుగాల ఏం తినవెట్టకుండ తెస్తవ్. చాయ్‌ల బన్ను ముంచి వెట్టక ఏం జెయ్యమంటవ్? తల్లివేనా నువ్వు?"

అలా ఇద్దరూ కడిగేసుకున్నాక, పిల్లను దించేసి రజిని చరచరా నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చేది. ఆ వేడి తగ్గేదాకా నేను కదిలించేదాన్ని కాదు. సాయంత్రం ఆ పిల్ల తల దువ్వించుకుని, బొట్టు పెట్టించుకుని, నవ్వుతూ తల్లి చంకెక్కేది.

ఇంతలో యూనివర్సిటీవారికి ఆ షెడ్డును సరైన శిశు కేంద్రంగా మార్చాలని బుద్ధి పుట్టింది. గోడలకు సున్నం, ఫ్యాన్లు, ఒక మనిషికి అచ్చంగా పిల్లల్ని చూసే ఉద్యోగం. మంచిదే. మరి ఆ మనిషి ఎవరు? షెడ్డు దగ్గరికి వెళ్ళి ఒక్క పూట నిలబడితే తెలిసిపోయేది. అబ్బే, అధ్యయనం చెయ్యాలట! సంక్షేమ కమిటీ ఆ అధ్యయనాన్ని మా ప్రొఫెసర్ సుందరరావు గారికి అప్పగించింది. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇస్తే ఉప్పలమ్మ షెడ్డు తాళం అప్పజెప్పి, మళ్ళీ చీపురు పట్టుకుని రోడ్డెక్కాలి. ఆ మోకాళ్ళతో ఊడవలేదని కాంట్రాక్టరు నెల తిరక్కుండా తీసేస్తాడు. ఇది మా అందరికీ తెలిసిన సంగతే.

నేను క్యాంపస్ అంతా తిరిగి ఆడవాళ్ళందరినీ మూడు మాటలు అడిగాను. నీ పిల్లను ఎవరు చూస్తారు? డ్యూటీ ఎవరితో మార్చుకుంటావు? నీకు ఎవరితో గొడవ? ఈ వరస నేనే పెట్టాను. ఫీల్డులో మేం ఎప్పుడూ పాటించే పద్ధతి అది. మంచి ముందు అడగాలి, గొడవ చివర్న అడగాలి. కూర్చోగానే "నీకెవరితో తగాదా?" అంటే మనిషి ముడుచుకుపోతుంది. లేకపోతే ఆ మంటలో మిగతా జవాబులన్నీ చేదుగా చెబుతుంది. టీ తాగాక ఆఖర్న అడిగితే కడుపులో ఉన్నదంతా కక్కేసి, నవ్వేసి, కొంగు దులుపుకుని పనికి వెళ్ళిపోతుంది.

నేను తెచ్చిందంతా రజిని గ్రాఫ్ డేటాబేస్‌లో పెట్టింది. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా.

"ముగ్గు అనుకో అక్కా. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. ఇద్దరికి సంబంధం ఉంటే గా రెండు చుక్కల నడుమ గీత. పిల్లను చూసుడు పచ్చ గీత, డ్యూటీ మార్చుకునుడు నీలం, లొల్లి ఎరుపు. ఇద్దరి నడుమ ఎన్ని గీతలన్నా ఉండొచ్చు. ఒకదానికి ఒకటి అడ్డం రాదు."

తెర మీద చూపించింది. ఉప్పలమ్మ చుక్క నుంచి చుట్టూ ఉన్న చుక్కలన్నిటికీ పచ్చ గీతా ఎర్ర గీతా జంటగా పోతున్నాయి. "సూడు, ఎట్లున్నదో అట్లనే ఉన్నది" అని మురిసిపోయింది. ఆమె మురవడం అరుదు కాబట్టి నాకు బాగా గుర్తు.

డేటాబేస్ దాచుకోవడానికీ వెతుక్కోవడానికీ బాగుంటుంది. ఎవరు అందరికీ ముఖ్యం, ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరు అంచున ఉన్నారు అని పెద్ద లెక్కలు కట్టాలంటే మాత్రం ఆ చుక్కలనూ గీతలనూ అక్కణ్ణుంచి తీసి, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆ లెక్కల కోసమే ఉన్న ఒక ప్రోగ్రాముల మూటలోకి, దాన్ని లైబ్రరీ అంటారట, మార్చాలి. ఆ మార్చే పనీ రజినిదే. సరిగ్గా అప్పుడే ఆమెకు డెంగ్యూ వచ్చి మౌలాలిలో మంచం పట్టింది. సుందరరావు గారు నాలుగు రోజులు ఆగొచ్చు కదా? కొంపలేం మునిగిపోవు కదా? ఆగలేదు. తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న విజయ్ కుమార్‌ను పిలిచి "నువ్వు కానిచ్చెయ్" అన్నారు. అతను ఒక్క మధ్యాహ్నంలో కానిచ్చేశాడు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదని సంబరపడి అందరికీ సమోసాలు తెప్పించాడు.

రజిని తిరిగొచ్చేసరికి మనిషి సగమైపోయింది. గోడ పట్టుకుని మెట్లెక్కింది. టేబుల్ మీద రిపోర్టు అచ్చయి ఉంది. మొదట్లోనే పెద్ద రంగుల బొమ్మ. రంగులంటే ఏముంది, దాదాపు అంతా ఎరుపే. నడిమధ్యన ఉప్పలమ్మ, పక్కన "ఘర్షణలకు కేంద్ర బిందువు" అని రాత. ఎక్కడో అంచున చిట్టెమ్మ అనే మనిషి, "ఎవరితోనూ విభేదాలు లేని వ్యక్తి" అని రాత. కేంద్రం బాధ్యత చిట్టెమ్మకు అప్పగించాలని సిఫారసు.

చిట్టెమ్మ క్యాంపస్ లైబ్రరీ భవనం ముందు ఊడుస్తుంది. ఎవరి జోలికీ పోదు, ఎవరినీ తన జోలికి రానివ్వదు. ఒక్కతే కూర్చుని అన్నం తింటుంది. పిల్లలు దగ్గరికొస్తే డబ్బా మూత పెట్టుకుని లేచిపోతుంది. అది తప్పని నేననను, ఆమె తీరు ఆమెది. కానీ ఆమెకు పిల్లల్ని అప్పగించాలని ఆమెతో ఒక్క మాటైనా అనకుండా రాసిపారేసినవాళ్ళను ఏమనాలి?

రజిని విజయ్‌ను మా గదికి పిలిపించి, ఆ బొమ్మ అతని ముందు పెట్టింది.

"పచ్చయి ఏడవోయినయ్ విజయ్?" అన్నది. నెమ్మదిగానే అన్నది. ఆమె నెమ్మదిగా మాట్లాడితేనే నాకు భయం.

"ఉన్నయ్ గదక్కా. ఇగో ఇక్కడ, ఇక్కడ."

"నేను పెట్టినయ్ గీ రెండేనా?"

కుర్చీ లాక్కుని అతను రాసిన ప్రోగ్రాం తెరిచింది. పైనుంచి కిందిదాకా చదివింది. చదివి, అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టింది. నా టీ ఒలికింది.

"ఏం డబ్బాల పోసినవయ్యా దీన్ని? గీ లైబ్రరీల రెండు తీర్ల డబ్బాలుంటయ్. ఒకదాంట్ల ఇద్దరి నడుమ ఎన్ని గీతలన్నా పడ్తయ్. ఇంకోదాంట్ల ఒక్కటే పడ్తది. రెండోది వచ్చిందంటే మొదటిదాని మీదనే రాసేస్తది. నువ్వు గా ఒక్కటి పట్టేదాంట్ల పోసినవ్!"

"ట్యుటోరియల్‌ల అట్లనే ఉన్నదక్కా. ఎర్రర్ గూడ రాలే."

"ఎర్రర్ ఎందుకొస్తది? దానికేం నొప్పి? నువ్వు ఇచ్చిన వరసల మీద మీద రాసుకుంట పోయింది. లొల్లి ప్రశ్న ఆఖరుది. అందరి మీద గదే మిగిలింది. చూసుకోవద్దా? పచ్చయి గిన్ని ఉండె, ఏమైనయని ఒక్కపారి అనుమానం రాలేదా నీకు? సమోసాలు తినుడే తెలుసా?"

అప్పుడర్థమైంది నాకు. ఉప్పలమ్మ ఎవరి పిల్లను చూస్తుందో, వంతు దగ్గర ఆ తల్లితోనే ఆమెకు తగువు. కాబట్టి ఆమె ప్రతి పచ్చ గీత మీదా ఒక ఎర్ర గీత వచ్చి కూర్చుంది. చిట్టెమ్మ ఎవరి పిల్లనూ ముట్టుకోదు, ఎవరితోనూ వంతులు లేవు, అందుకని ఆమె మీద ఒక్క మరకా పడలేదు. ఆడవాళ్ళ మనసు నొచ్చుకోకూడదని నేను మర్యాదగా ఆఖర్న పెట్టిన ప్రశ్న, ముందు వాళ్ళు చెప్పిన మంచినంతా తుడిచిపెట్టేసింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

ఇద్దరం సుందరరావు గారి గదికి వెళ్ళాం. ఆయన చెడ్డవాడని నేను చెప్పలేను. ఆదివారం చర్చిలో నా ముందు బెంచీలోనే కూర్చుంటారు. మా ఆయనకు ఆపరేషన్ అయితే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. కానీ తన చేతి మీదుగా తప్పు జరిగిందంటే ఒప్పుకోవడం ఆయన ఒంటికి పడదు.

"చూడమ్మా రజినీ, ఏ అధ్యయనంలోనైనా కొంత సరళం చెయ్యక తప్పదు" అన్నారు.

"సరళం చేసుడు వేరే సార్, మనిషిని మింగుడు వేరే."

"మాట జాగ్రత్త."

"డేటాబేస్‌ల అన్ని గీతలు మంచిగనే ఉన్నయ్ సార్. అవి పాడు కాలే. ఏ గీతకు ఆ గీత విడిగ తీసి, ఎన్నన్నా పట్టే డబ్బాల ఏస్త. ఒక్క పూట పని."

"రిపోర్టు కమిటీకి వెళ్ళిపోయింది."

"ఎనుకకు తెప్పియ్యుండ్రి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, "నీ కూతురు ఆ ఉప్పలమ్మ దగ్గరే ఉంటుందట కదా?" అన్నారు. "అంటే నీకిందులో సొంత లాభం ఉంది. నువ్వు మార్చిన లెక్క కమిటీ నమ్ముతుందా? నేనైతే నమ్మను."

ఆయన తలదించి ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. అంటే మమ్మల్ని వెళ్ళమని.

మర్నాడు పొద్దున రజిని పిల్లను చంకనేసుకుని నేరుగా ఆఫీసుకు వచ్చింది. టేబుల్ కింద దుప్పటి పరిచి, రెండు బొమ్మలు పడేసి, పిల్లను కూర్చోబెట్టింది.

"ఇగ షెడ్డుకు పంప. నాకు సొంత లాభం లేదిప్పుడు. ఏమంటడో అననియ్యి."

"పిల్లను ఎందుకు ఏడిపిస్తావే?" అన్నాను. నిజంగానే ఆ పసిది "అవ్వ కాడికి పోత" అని ఒకటే ఏడుపు. "ఉప్పలమ్మకు ఒక్క మాట చెప్పు. ఎందుకు తేవడం లేదో ఆమెకు తెలియొద్దూ?"

"చెప్తే ఊకుంటదా? సార్ కాలర్ వట్టుకుంటది. అప్పుడు వాళ్ళు రాసిందే నిజమైతది."

"అలాగని పసిపిల్లను టేబుల్ కింద పడేస్తావా? బుద్ధుందా?"

"ఉన్నది గనుకనే పడేసిన! నీకు చేతనైతే సార్‌ను అడుగు, నన్ను కాదు!"

ఆ రోజుల్లో మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆమె మీద నాకు మంట, నా మీద ఆమెకు మంట. పిల్లకు అన్నం మాత్రం నేనే కలిపి పెట్టేదాన్ని. కిటికీ తలుపు పడదు కదా, దోమలు. దుప్పటి సరిపోదు. పసిదానికి ముక్కు కారడం మొదలైంది. రజిని ఒక చేత్తో పిల్లను జోకొడుతూ, ఇంకో చేత్తో డేటాబేస్ నుంచి గీతలన్నీ మళ్ళీ తీసింది. ఏ గీత ఏ రకమో, ఎవరి నుంచి ఎవరికో, అన్నీ విడివిడిగా లైబ్రరీలో వేసింది. పచ్చా ఎర్రా మళ్ళీ జంటగా వచ్చాయి. లెక్క కడితే, ఉప్పలమ్మను తీసేస్తే ఆ ఆడవాళ్ళలో ఎవరికీ ఎవరితోనూ పెద్దగా పొత్తు మిగలదని తేలింది. సుందరరావు గారికి మెయిలు పెట్టింది. జవాబు లేదు. మళ్ళీ పెట్టింది. లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నేనే ఆయన్ని పట్టుకున్నాను.

"ఇక్కడ ఆఫీసు మాటలెందుకమ్మా ప్రమీలా" అన్నారు.

"మరెక్కడ మాట్లాడమంటారు సార్? ఆఫీసులో తలుపేసుకుంటారు కదా!" అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

కమిటీ మీటింగ్ రోజు రానే వచ్చింది. అధ్యక్షురాలు లిడియా మేడమ్, బోటనీ ప్రొఫెసరు. పొడిగా మాట్లాడే మనిషి. ఉప్పలమ్మనూ చిట్టెమ్మనూ కూడా పిలిపించి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మీటింగుల్లో ల్యాప్‌టాప్ నడిపే పని ఎప్పుడూ రజినిదే కాబట్టి ఆమె లోపలే ఉంది. పిల్ల వెనక వరసలో నా ఒళ్ళో ఉంది.

సుందరరావు గారు ఎర్ర బొమ్మ వేయించి, గొంతు సవరించుకుని, "కేంద్రంలో ఉన్న ఈ మహిళ" అని మొదలుపెట్టారు. రజిని లేచి నిలబడింది.

"గా బొమ్మ తప్పు మేడమ్."

"నువ్వెవరమ్మా?" అన్నారు లిడియా మేడమ్.

"డేటా చూసేది నేనే మేడమ్. పిల్లల్ని చూసే గీతల మీద లొల్లి గీతలు వడ్డయ్. కిందియి కనవడ్తలేవ్. అసలు బొమ్మ నా దగ్గరున్నది. ఒక్క నిమిషం ఇయ్యుండ్రి, చూపిస్త."

"మేడమ్, ఈ అమ్మాయి కూతురు ఉప్పలమ్మ దగ్గరే పెరుగుతోంది. ఈ ఆరాటమంతా అందుకే" అన్నారు సుందరరావు గారు.

"పెరుగుతలేదు సార్!" రజిని గొంతు హాలంతా మోగింది. "తీస్కొచ్చిన! అగో, ప్రమీలక్క ఒళ్ళె ఉన్నది. మీరు అన్న మర్నాటి సంది నా టేబుల్ కింద పంటున్నది నా బిడ్డ! ఇంకేం ఇడిసిపెట్టాల్నో చెప్పుండ్రి, అది గూడ ఇడిసిపెడ్త!"

తల్లి అరుపుకు పిల్ల బెదిరి, నా ఒళ్ళోంచి జారి ఏడుస్తూ పరిగెత్తింది. రజిని గబుక్కున చంకనెత్తుకుంది. ఆ విసురుకు కాలు తగిలి ప్రొజెక్టర్ వైరు ఊడింది. తెర నల్లబడింది. కమిటీలో ఒకాయన టైమ్ చూసుకున్నాడు. ఇంకొకాయన ఫోన్ చూసుకున్నాడు. ఒక్కరంటే ఒక్కరు, "ఆ అమ్మాయి ఏమంటోందో విందాం" అనలేదు.

లిడియా మేడమ్ మాత్రం, "ముందు ఆ ఇద్దరినీ లోపలికి రమ్మనండి" అన్నారు.

చిట్టెమ్మ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"పిల్లల గది నీకిస్తే చూసుకుంటావా అమ్మా?"

"నాకొద్దమ్మా" అన్నది చిట్టెమ్మ. "పోరగాండ్లంటేనే నాకు తలకాయ నొప్పి. నన్నెవరడిగిన్రు? బయట కూసున్నంక ఇప్పుడే ఎరుక."

సుందరరావు గారు పేజీలు తిప్పారు. ఆమె వెనకే ఉప్పలమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని గుమ్మం దాటింది. పెద్దలకు దండం పెట్టబోయింది. చేతులు సగం లేచేసరికి రజిని చంకలో పిల్ల కనబడింది. అంతే, దండం అక్కడే ఆగిపోయింది.

"ఏమే రజినీ! ఏడ దాచినవే పిల్లను? ఇయ్యాల వస్తది, రేపొస్తదని గుమ్మంల కూసుంటున్న! సచ్చిన్రో బతికిన్రో ఒక్క మాట లేదు! ముఖం ఎట్ల పీక్కపోయిందో సూడు! అన్నం వెడ్తున్నవా, కంపూటర్ వెడ్తున్నవా?"

"నా బిడ్డ, నా ఇష్టం! నీకెందుకు చెప్పాలె? నీ కోసమే గదా గీ తిప్పలు!"

"నాకోసం ఎవ్వరు జెయ్యమన్నరు? నన్నడిగినవా? పసిదాన్ని మాడ్చి నాకు నౌకరి దెస్తవా? గసుంటి నౌకరిల మన్ను వొయ్య! నాకొద్దు!"

"ఒద్దా? ఇప్పుడొచ్చి ఒద్దంటవా? జ్వరం తగ్గకముందే లేచొచ్చి కొట్లాడుతున్న నీ కోసం! జర నోరు మూసుకొని నిలవడు పెద్దమ్మా, నీ పుణ్యముంటది!"

"నా నోరు నువ్వు మూపిస్తవా? నువ్వా?"

సుందరరావు గారు ముందుకు వంగారు. మొహం వెలిగిపోతోంది. "చూశారా మేడమ్? నా రిపోర్టులో రాసింది అక్షరాలా ఇదే" అన్నారు. ఆ సంతోషం చూస్తే లేచి వెళ్ళి ఆ రిపోర్టు ఆయన చేతుల్లోనే చింపెయ్యాలనిపించింది నాకు.

రజినికి ఆ మాట వినబడిందో లేదో నాకు తెలీదు. ఆమె చూపు ఊడిపోయిన వైరు మీద ఉంది. బల్ల కిందికి దూరాలి, రెండు చేతులూ కావాలి. "నీతోని మాట్లాడుడే నాది బుద్ధి తక్కువ" అని అరుస్తూనే, ఉప్పలమ్మ వైపు చూడనైనా చూడకుండా, చంకలో పిల్లను తీసి ఆమె చేతుల్లో పెట్టేసింది. "తక్కువనే, ఎప్పుడెక్కువుండె?" అంటూ ఉప్పలమ్మ అందుకుంది. ఇద్దరిలో ఎవరూ గొంతు తగ్గించలేదు. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులేసి, భుజం మీద తల పెట్టి, ఏడుపు ఆపేసింది. ఉప్పలమ్మ దాని నుదురు తడిమి చూసింది.

"ఒళ్ళు ఎచ్చగున్నది గదనే! తెల్వదా నీకు?"

"తెలుసు! మందేసిన!" అని బల్ల కింద నుంచి జవాబు వచ్చింది.

తెర వెలిగింది. రజిని గీయించిన బొమ్మ వచ్చింది, పచ్చా ఎర్రా జంటగా. కమిటీలో ఎవరూ అటు చూడలేదు. అందరూ ఆ ముసలామె భుజం మీద నిద్రకు తూగుతున్న పిల్లనే చూస్తున్నారు.

లిడియా మేడమ్ ప్రొఫెసర్ గారి వైపు తిరిగారు.

"సుందరరావు గారూ, ఈ ఇద్దరి మధ్య ఒక్క గీతే గియ్యాలంటే మీరు ఏ రంగు వేస్తారు?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు. సర్దినవే మళ్ళీ సర్దారు. మేడమ్ కేంద్రం ఉప్పలమ్మకే అప్పగిస్తున్నట్టు రాసుకోమని చెప్పారు. అది వినడానికి ఆ ఇద్దరూ హాల్లో లేరు. పిల్లకు గాలి తగలాలని ఉప్పలమ్మ బయటికి నడిస్తే, ఆమెను తిడుతూ రజిని వెంట పోయింది. నేను మెట్ల దాకా పరిగెత్తి, ఆయాసపడుతూ, "రజినీ, ఆమెకే ఇచ్చారే!" అని చెప్పాను.

"జరాగక్కా," అంది రజిని వెనక్కి తిరక్కుండా. "ముందుగాల గీమె సంగతి తేలనియ్యి."